మా కాలేజీలో వలయాలన్నీ కుడికే తిరిగేవి

కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, “మేడం, మీ అనుభవంలోంచి ఏదైనా స్ఫూర్తినిచ్చే సంగతి చెప్పండి” అంటారు. స్ఫూర్తి నా దగ్గర లేదు. సర్కారు జూనియర్ కాలేజీల్లో బతుకంతా కెమిస్ట్రీ చెప్పి బయటపడ్డ మనిషికి మిగిలేవి నడుం నొప్పి, మనుషుల మీద కాస్త అనుమానం. సంగతి మాత్రం ఒకటుంది. అందులో స్ఫూర్తి దొరికితే మీ అదృష్టం, దొరక్కపోతే నన్ను అడగొద్దు.

అప్పట్లో నేను బోధన్ వైపు ఒక కాలేజీలో పనిచేసేదాన్ని. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు గుర్తుపడతారు, గుర్తుపడితే పెళ్ళిళ్ళకు పిలవడం మానేస్తారు. నిజామాబాద్‌లో ఇల్లు, రోజూ బస్సు ప్రయాణం. చెరుకు కోతల కాలంలో బస్సు ముందు ట్రాక్టరు, ట్రాక్టరు మీద ఆకాశమంత ఎత్తు చెరుకు, దాని వెనక నత్తనడకన మేము. ఆలస్యమెందుకని ప్రిన్సిపాల్ అడిగితే “చెరుకు సార్” అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండేది కాదు. చెరుకు లేని కాలంలో కూడా కొందరు ఇదే కారణం చెప్పి నెగ్గుకొచ్చారు. మొత్తం మీద విద్యారంగానికి చెరుకు చేసిన సేవ తక్కువేమీ కాదు.

కెమిస్ట్రీలో మేము ముగ్గురం. అందరికన్నా సీనియర్‌ను పెద్ద సార్ అనేవాళ్ళం. రిటైర్‌మెంట్‌కు దగ్గర్లో ఉన్నాడు. ఆ చుట్టుపక్కల ఏ మందుల షాపులో నిలబడ్డా, ఏ ఆఫీసు గుమ్మం తొక్కినా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఒకరైనా లేచి నిలబడేవారు. నన్ను చూసి ఎవరూ లేవరు కాబట్టి నాకు కొంచెం కడుపుమంట ఉండేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. తర్వాత మీరే కనిపెట్టడం ఎందుకు?

ఇక కొంచెం పాఠం చెప్పక తప్పదు, భయపడకండి. కార్బన్ పరమాణువులు కొన్ని చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే దాన్ని వలయం అంటాం. ఆరు ఉంటే ఆరు మూలల బొమ్మ గీస్తాం, పేరు ముందు సైక్లో అని చేరుస్తాం. ఆ మూలలకు ఏవైనా అతుక్కుని ఉంటే, ఏది ఏ మూలన ఉందో అంకెతో చెప్పాలి. అందులో ముఖ్యమైనది ఉన్న మూలకు ఒకటో నంబరు. అక్కడి నుంచి కుడికి లెక్కపెట్టాలా, ఎడమకా? ఎటు వెళ్తే మిగతావాటికి చిన్న అంకె వస్తుందో అటు. ప్రపంచమంతా ఇంతే.

మా కాలేజీలో మాత్రం ఇంత సులువుగా ఊరుకోలేదు. పెద్ద సార్ దగ్గర ప్రదక్షిణ సూత్రం ఉండేది. సుద్దముక్కతో ఆరు మూలల బొమ్మ గీసి, క్లాసు వైపు తిరిగి అడిగేవాడు.

“దేవుని సుట్టు ఎటు తిరుగుతం బిడ్డా?”

“కుడి దిక్కు సార్!” అని క్లాసంతా ఒక్కటే అరుపు.

“గటే తిరగాలె. ఎడమకు తిరిగేది కాటికాడ. గక్కడ మార్కులు రావు.”

పిల్లలు పడీ పడీ నవ్వేవారు, జన్మలో మర్చిపోయేవారు కాదు. ఒక ఏడు ఒక ముస్లిం పిల్ల లేచి, “సార్, మా నానీ హజ్‌కు పోయొచ్చింది. ఆడ కాబా సుట్టు ఎడమకే తిరుగుతరంట” అంది. పెద్ద సార్ గడ్డం గోక్కుని, ఎంతో ఆలోచించి, “అయితే నువ్వు గడియారం సూడు బిడ్డా. గడియారం అందరిది” అన్నాడు. ఆ పిల్ల కూర్చుంది. ఆ విధంగా మా కాలేజీలో మతసామరస్యం, తప్పు సమాధానం రెండూ క్షేమంగా ఉన్నాయి.

ఆయనకు అసలు నియమం తెలియదనుకోకండి. ఎమ్మెస్సీలో బంగారు పతకం ఉన్న మనిషి. ఒకసారి నేనే అడిగాను. “మేడం, మన పిల్లలు ఇంట్ల బీడీలు చుట్టుకుంట చదువుతున్నరు. గీళ్ళకు రెండు దార్లు చూపిస్తే భయపడి ఏ దారి పట్టరు. ఒక్కటే చూపిస్త. బొమ్మ కుడికొచ్చేటట్టు గీసుకుంటే అయిపాయె గదా” అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయన క్లాసులో కెమిస్ట్రీ అంటే భయపడ్డ పిల్లను నేను చూడలేదు. నా క్లాసులో చాలామందిని చూశాను.

చిక్కంతా పరీక్షలో వచ్చేది. అక్కడ బొమ్మ మనం గీయం, పేపర్ సెట్ చేసినవాడు గీస్తాడు. వాడికి మా ప్రదక్షిణ సంగతి తెలియదు, ఎడమకు గీసి కూర్చుంటాడు. మా పిల్లలు భక్తిగా కుడివైపు తిరిగి పెద్ద అంకె వేసి వచ్చేవారు, మార్కు పోయేది. పెద్ద సార్ ప్రశ్నపత్రం చూసి, “బొమ్మనే తప్పు గీసిండ్రు” అని పేపర్ సెట్ చేసినవాణ్ణి క్షమించేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ, మొదట పిల్లల కోసం పెట్టుకున్న అడ్డదారి ఆయనకే రాజమార్గం అయింది. నేనేం చేశానంటారా? నా సెక్షన్‌కు సరిగ్గా చెప్పుకుని, స్టాఫ్ రూమ్‌లో టీ తాగాను. సీనియర్‌తో గొడవ పెట్టుకోవడానికి నాకేం పని?

ఆ పని పెట్టుకోవడానికి మూడో మనిషి వచ్చింది.

ఆమె కాంట్రాక్టు లెక్చరర్. మోర్తాడ్ దగ్గర పసుపు పండించే ఇంటి పిల్ల. ఆ ఇంట్లో నెలజీతం అనేదాన్ని మొదట చూసింది ఆమే. తమ్ముడి చదువు, తండ్రి కళ్ళ ఆపరేషన్, అన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి. ఆ జీతమేమో ఏడాదికోసారి రెన్యువల్ అయితేనే ఉంటుంది. రెన్యువల్ కావాలంటే పై నుంచి ఒక అధికారి వచ్చి క్లాసు చూడాలి, ఆ తర్వాత సబ్జెక్టు సీనియర్ “పనితీరు బాగుంది” అని సంతకం పెట్టాలి. అంటే పెద్ద సార్ పెట్టాలి. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషి ఎలా ఉండాలి? వంగి వంగి ఉండాలి. ఈమెకు వంగడం రాదు. బస్సుకు దారివ్వని చెరుకు ట్రాక్టరు డ్రైవర్‌తో కిటికీలోంచి తల బయటపెట్టి పోట్లాడే రకం. తెలివైనదే, కాదనను. కానీ ఎదుటివాళ్ళ తప్పు కనిపిస్తే ఆమెకు అన్నం సయించదు. అలాంటివాళ్ళ పక్కన కూర్చుని పని చేయడం సుఖం కాదని నా అనుభవం.

చేరిన కొత్తలోనే ప్రదక్షిణ సూత్రం ఆమె చెవిన పడింది. సూటిగా పెద్ద సార్ దగ్గరికి వెళ్ళి, “సార్, గిది తప్పు గదా. పిల్లల మార్కులు పోతున్నయ్ గదా” అంది.

పెద్ద సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు పుట్టకముందు నుంచి జెప్తున్న బిడ్డా” అన్నాడు. అది నియమానికి జవాబు కాదు, వయసుకు జవాబు. మా డిపార్ట్‌మెంట్లో ఎక్కువ ప్రశ్నలకు అదే జవాబు.

తనిఖీ రోజు దగ్గర పడింది. అంతకుముందు రోజు పెద్ద సార్ ఆమెను పిలిచి, “నీళ్ళ కఠినత్వం జెప్పు. మంచి పాఠం. రింగుల జోలికి పోకు” అన్నాడు. బస్సులో నేను కూడా అదే చెప్పాను. “నీకు నీతి కావాల్నా, నౌకరీ కావాల్నా?” అని కూడా అన్నాను. ఆమె నవ్వి, “నీళ్ళే జెప్త లే అక్కా. నాకు మాత్రం తెల్వదా?” అంది. మొదటిసారి ఆమె నోట బుద్ధిగల మాట విన్నానని సంతోషించాను.

ఆ రోజు క్లాసు బ్రహ్మాండంగా సాగింది. నీళ్ళు, సబ్బు, నురగ. పిల్లలు చక్కగా జవాబులు చెప్పారు. అధికారి ముందు బెంచీలో కూర్చుని తల ఊపుతున్నాడు. నేను వెనక బెంచీలో. పెద్ద సార్ లోపలికి రాకుండా వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంకాసేపట్లో గంట కొడతారు, కథ సుఖాంతం అనుకుంటుండగా అధికారికి పాత జ్ఞాపకాలు పొంగుకొచ్చాయి. పై అధికారులకు జ్ఞాపకాలు రావడమంత ప్రమాదం ఇంకొకటి లేదు.

ఆయన కూడా పెద్ద సార్ శిష్యుడే! లేచి పిల్లలతో, “మీ అదృష్టం ఏందో తెలుసా? మీకు పెద్ద సార్ ఉన్నడు. నేను గీ బెంచీల మీదనే కూసొని ప్రదక్షిణ సూత్రం నేర్చుకున్న” అన్నాడు. గురుభక్తి ఆపుకోలేక సుద్దముక్క అందుకుని బోర్డు మీద ఆరు మూలల బొమ్మ గీశాడు. పై మూలన ఆక్సిజన్ తగిలించాడు. అది ముఖ్యమైనది, ఆ మూల ఒకటో నంబరు. మిథైల్ అనే చిన్న ముక్కను దాని పక్క మూలకే తగిలించాడు. ఎటువైపు? ఎడమవైపు.

“చెప్పుండ్రి, మిథైల్ ఎన్నో నంబరు?”

ఆ క్లాసులో ఎక్కువమంది పెద్ద సార్ సెక్షన్ వాళ్ళే. కుడివైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, “ఆరు సార్!” అని అరిచారు.

“శభాష్!” అన్నాడు అధికారి. వరండాలో పెద్ద సార్ నడక ఆపి, కనిపించీ కనిపించకుండా నవ్వాడు.

ఆమె చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండటం. సర్కారు కొలువులో ఇంతకంటే తేలిక పని లేదు, దాంతోనే ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. వెనక నుంచి నేను కళ్ళతో, కనుబొమలతో, చివరికి తలతో కూడా వద్దని సైగ చేశాను. ఆమె నా వైపు చూసింది. బోర్డు వైపు చూసింది. “ఆరు” అని నోట్సులో రాసుకుంటున్న పిల్లల వైపు చూసింది.

“సార్, ఒక్క నిమిషం” అంది.

మా కాలేజీలో పగలని కిటికీ అద్దం అంటూ ఒకటి మిగిలి ఉంటే అది ఆ గదిలోనే ఉంది. ఆమె ఒక పిల్ల దగ్గర స్కెచ్ పెన్ను తీసుకుని, బోర్డు మీది బొమ్మనే ఆ అద్దం మీద గీసింది. పైన ఆక్సిజన్, పక్కన ఎడమకు మిథైల్.

“సార్, మీరు ఈడ నిలబడుండ్రి” అని అధికారిని కిటికీకి లోపలివైపు నిలబెట్టింది. తర్వాత వరండాలోకి గొంతు పెంచి, “పెద్ద సార్, మీరు ఆడనే ఉండి అద్దం మీద బొమ్మ సూడుండ్రి. ఇద్దరు మన సూత్రం ప్రకారమే కుడికి తిరిగి నంబర్ చెప్పుండ్రి” అంది.

పెద్ద సార్ అద్దం దగ్గరికొచ్చి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. శిష్యుడు ఇంత ప్రేమగా చూస్తుంటే కాదనడమెలా?

“ఆరు” అన్నాడు లోపలి నుంచి అధికారి.

“రెండు” అన్నాడు బయటి నుంచి పెద్ద సార్.

“ఆరు సార్.”

“అరే, రెండు కండ్ల ముందు కనవడుతుంది గదా! ఆక్సిజన్ పక్కపొంటే ఉన్నది. లోపల ఆరంటున్నది ఎవరు?”

“మీ శిష్యుడే సార్” అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది, కానీ నోరు ఊరుకోలేదు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు బెంచీలో పిల్ల ఒకతె లేచి వరండాలోకి పరుగెత్తి చూసొచ్చి, “ఆడికెల్లి సూస్తే మిథైల్ కుడి దిక్కున్నది మేడం! బొమ్మ తిరగవడ్డది!” అంది. అప్పుడు ఆమె మెల్లగా చెప్పింది. “పదార్థం ఒక్కటే. దానికి ముందు వెనక ఉండయ్. ఒకటే దిక్కు తిరగాలె అంటే, మనం నిలబడ్డ జాగను బట్టి ఒక్క పదార్థానికి రెండు పేర్లయితయ్. గందుకే దిక్కు సూడొద్దు, చిన్న అంకె ఎటొస్తే అటు పోవాలె. పెద్ద సార్ చెప్పిన రెండే కరెక్ట్. రాసుకోండి, 2-మిథైల్‌సైక్లోహెక్సనోన్.”

నా జీవితంలో నేను విన్న మంచి పాఠాల్లో అదొకటి. చిన్న అంకె నియమం నేను ఏళ్ళ తరబడి చెప్పాను. అది ఎందుకు అలా ఉందో ఇంత తేటగా చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు. ఆమె తెలివిగా పెద్ద సార్‌నే గెలిపించింది కూడా. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అధికారి తలకాయ పట్టుకుని పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. “అంటే సార్, మీరు బయటుంటే రెండు, లోపలుంటే ఆరు!” అన్నాడు. పిల్లలూ నవ్వారు. పాపం ఎవరి నవ్వులోనూ విషం లేదు. వరండాలో పెద్ద సార్ కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. అద్దంలోంచి ఆ ముఖం చూసినవాళ్ళం మేమిద్దరం ఆడవాళ్ళమే.

అధికారి పోతూ పోతూ, “క్లాసు ఫస్ట్‌క్లాస్. నాకు అభ్యంతరం లేదు. పెద్ద సార్ సంతకం ఒక్కటి పెట్టించి పంపుండ్రి” అని ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. నిప్పు పెట్టి, అగ్గిపెట్టె కూడా అక్కడే వదిలి జీపెక్కాడు.

పెద్ద సార్ ఆ రోజు మాతో అన్నం తినలేదు. మర్నాడు కూడా సంతకం పెట్టలేదు. “చూద్దాం” అన్నాడట. సర్కారు భాషలో చూద్దాం అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?

స్టాఫ్ రూమ్‌లో పందాలు మొదలయ్యాయి. కామర్స్ వాళ్ళు ఆమె ఉద్యోగం పోయిందన్నారు, తెలుగు వాళ్ళు జాలిపడ్డారు, లెక్కలాయన ఆమె కుర్చీ తన కిటికీ పక్కకు జరుపుకోవచ్చా అని అడిగాడు. ఆమె పైకి గట్టిగానే ఉంది కానీ, తమ్ముడి హాస్టల్ నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్ళి మాట్లాడి, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. నాకు ఆమె మీద కోపం, పెద్ద సార్ మీద కోపం, అన్నిటికన్నా ఆ అధికారి జ్ఞాపకాల మీద కోపం వచ్చాయి. “పోయి సారీ చెప్పు” అని గదమాయించాను.

వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

“ఏమన్నడు?”

“‘నువ్వు జెప్పింది తప్పా?’ అన్నడు. కాదు సార్ అన్న. ‘మరి సారీ ఎందుకు?’ అని మొఖం తిప్పుకున్నడక్కా.”

పత్రాలు పంపడానికి ఆఖరి రోజు వచ్చింది. ఆ పొద్దు పెద్ద సార్ రాలేదు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, జ్వరం, లేవలేకపోతున్నా, సెలవు అన్నాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టనని ముఖం మీద చెప్పే ధైర్యం లేక, ఒక ఆడపిల్ల బువ్వ మీద ముసుగు కప్పుకుని పడుకున్నాడనుకున్నాను. నా నోటికి ఏ తిట్టు వస్తే అది తిట్టాను. ప్రిన్సిపాల్ అంతా విని, పళ్ళు కుట్టుకుంటూ, “తిట్టుడు అయిందా మేడం? ఆయన లీవుల ఉంటే సబ్జెక్టు ఇన్‌ఛార్జి ఎవరు?” అన్నాడు.

ఆయన తర్వాత సీనియర్‌ను నేనే. ఇన్‌ఛార్జి సంతకం చెల్లుతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో సెలవు నిబంధనలు ఒకరికి మేలు చేయగా చూడటం అదే మొదలు. పెన్ను కాగితంలోకి దిగేంత గట్టిగా సంతకం పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అంతటి గయ్యాళి పిల్ల అలా నిలబడితే నాకూ ఏడుపొచ్చింది.

అయినా కోపం చల్లారలేదు. సాయంత్రం నిజామాబాద్‌లో బస్సు దిగి, పరామర్శ పేరుతో నాలుగు కడిగేద్దామని బత్తాయిలు కొనుక్కుని సరాసరి పెద్ద సార్ ఇంటికి వెళ్ళాను. ఆయన లుంగీ ఎగ్గట్టి, స్టూలు మీద నిలబడి, కూలర్‌కు కొత్త గడ్డి అమరుస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి. ఈ మనిషికి జ్వరం రావాలంటే జ్వరమే సెలవు పెట్టుకోవాలి.

“జ్వరం ఎట్లున్నది సార్?” అన్నాను, గొంతులో విషమంతా కలిపి.

ఆయన దిగలేదు. “సంతకం అయిందా మేడం?” అన్నాడు.

“అయింది. నేనే పెట్టిన.”

“మంచిది.” గడ్డి సర్దుతూనే ఉన్నాడు. “నేను పెడ్తే, గా పిల్ల నవ్వులపాలు జేసిందానికి సంతకం పెట్టినట్టుంటది. పెట్టకుంటే గా పిల్ల ఉసురు తాకుతది. సర్కారు కొలువుల జ్వరం ఎందుకొస్తదో మీకు తెల్వదా?”

బత్తాయిల సంచి గట్టు మీద పెట్టాను. ఏదో ఒకటి అనాలి కదా అని, “అయితే రేపు వస్తున్నరు గదా సార్?” అన్నాను.

“రేపు గూడ రాను” అన్నాడు, ఇంకా నా వైపు చూడకుండానే. “రేపు నా సెక్షన్‌కు వలయాల పాఠం ఉన్నది. ఆమెను తీస్కొమ్మని చెప్పుండ్రి.”